మిడి ప్యాడ్ కంట్రోలర్‌కు మీన్‌వెల్ ఆర్ఎస్-15-5: కొన్నేళ్లు వాడాక

కీబోర్డు పక్కన వాయించుకోవడానికి మిడి (వాద్యాలు, కంప్యూటర్లు స్వరాలను సంకేతాలుగా పంపుకునే పద్ధతి) ప్యాడ్ కంట్రోలర్ ఒకటి సొంతంగా కట్టుకున్నాను. రాగి రేకుతో 32 టచ్ ప్యాడ్లు, ఒక్కోదాని కింద ఒక డబ్ల్యూఎస్2812బి అనే రంగుల ఎల్ఈడీ, పై వరసలో తిప్పే నాబ్‌లు, లోపల అన్నిటినీ నడిపే ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. దీనికి కరెంటిచ్చే పవర్ సప్లైగా కొన్నేళ్లుగా మీన్‌వెల్ ఆర్ఎస్-15-5 వాడుతున్నాను. లైట్లున్న కంట్రోలర్ కట్టుకునేవాళ్లు ఎవరడిగినా దీన్నే చెబుతాను. లైట్లు లేకపోతే మాత్రం సప్లై కోసం డబ్బు పెట్టకండి, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ చాలు.

ఈ ఎల్ఈడీ ఒక్కటి పూర్తి తెలుపులో వెలిగితే దాదాపు 60 మిల్లీ ఆంప్స్ లాగుతుంది. 32 కలిస్తే 1.9 ఆంప్స్ దాటుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంప్స్. ఆర్ఎస్-15-5 ఐదు వోల్టుల దగ్గర 3 ఆంప్స్ ఇస్తుంది కాబట్టి ఎప్పుడూ వేడెక్కి ఇబ్బంది పెట్టలేదు. ఫ్యాన్ లేదు, గదిలో రికార్డింగ్ చేసుకునేవాళ్లకు అదే పెద్ద సుఖం.

అయితే ఆంప్స్ ఒక్కటే చూసి కొనకూడదని నా గట్టి అభిప్రాయం. మొదట్లో రెండు పిన్నుల చవక అడాప్టర్ ఒకటి పెట్టాను. ఆంప్స్ సరిపోయాయి గానీ ప్యాడ్లు ముట్టుకోకుండానే మోగేవి. నాసిరకం ఛార్జర్ పెడితే ఫోన్ స్క్రీన్ దానంతటదే గెంతుతుంది చూడండి, అచ్చం అదే. ఎర్త్ లేని అడాప్టర్ నుంచి వచ్చే నాయిస్‌ను, వేలి స్పర్శను పసిగట్టే టచ్ చిప్ వేలు అనుకుంటుంది. మీన్‌వెల్‌కు ఎర్త్ టెర్మినల్ ఉంది. మెటల్ కేసుకు ఎర్త్ ఇచ్చి, సప్లై మైనస్‌ను అక్కడే ఒక్కచోట కలిపాను. ప్యాడ్లు కుదుటపడ్డాయి.

తర్వాత ఇంకో తంటా. లైట్లన్నీ వెలిగినప్పుడల్లా చెయ్యి పెట్టని నాబ్ విలువ 64, 65, 64, 65 అంటూ ఊగేది, సింథ్‌లో ఫిల్టర్ వణికేది. ఇందులో సప్లై తప్పేమీ లేదు. లైట్ల కరెంటు, నాబ్‌ల గ్రౌండు (మైనస్ వైపు తిరుగు దారి) ఒకే సన్న వైరులో వెనక్కి వస్తున్నాయి. 0.8 ఆంప్ కరెంటు 0.05 ఓమ్ వైరు గుండా పోతే 40 మిల్లీ వోల్టులు పడుతుంది. మిడిలో నాబ్ విలువకు ఉండేవి 128 మెట్లు, ఐదు వోల్టులను అలా పంచితే ఒక్కో మెట్టు అంతే కదా! లైట్లకు మందపాటి వైర్లు నేరుగా సప్లై నుంచి లాగి, నాబ్‌ల గ్రౌండు బోర్డు దగ్గరే ముగించాక ఆ ఊగు పోయింది. లైట్ల స్ట్రిప్ మొదట్లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి. బోర్డుకు పవర్ యూఎస్‌బీ నుంచే రానివ్వండి. రెండు గ్రౌండ్లూ కలవాలి, రెండు ప్లస్ 5 వోల్టులూ ఎక్కడా కలవకూడదు.

వినాయక చవితి పందిళ్లలో జనరేటర్ మీద కూడా వాయించాను. ఇన్‌పుట్ 85 నుంచి 264 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి ట్యూబులైట్లు మినుకుమన్నా కంట్రోలర్ రీసెట్ కాలేదు. మిక్సర్‌కు కలిపినప్పుడు మాత్రం మిక్సర్, ల్యాప్‌టాప్, సప్లై ఎర్త్‌లు ఒకదానితో ఒకటి చుట్టులా కలవడం వల్ల స్పీకర్లలో హమ్ (గుయ్‌మనే మోత) రావచ్చు. 1983 నాటి ఐదు పిన్నుల మిడిలో ఇన్‌పుట్ దగ్గర ఆప్టోకప్లర్ (వైరు కలపకుండా వెలుగుతో సంకేతం దాటించే భాగం) పెట్టింది ఈ బాధ రాకూడదనే. యూఎస్‌బీలో ఆ రక్షణ లేదు. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. హమ్ ఆగితే దారి దొరికినట్టే, ఆగకపోతే రెండు వైపుల గ్రౌండ్లను విడదీసే యూఎస్‌బీ ఐసొలేటర్ కొనాలి. అప్పుడు, ఐసొలేటర్ వైపు నుంచి ప్లస్ 5 వోల్టులు వచ్చి కలవకుండా చూసుకుంటే, బోర్డుకు కూడా పవర్ ఈ సప్లై నుంచే ఇవ్వొచ్చు.

నచ్చనిది ఒకటుంది. 230 వోల్టుల స్క్రూలు వేలికి అందేంత దగ్గర్లో ఉంటాయి, స్విచ్ కూడా ఉండదు. ఫ్యూజు, స్విచ్ ఉన్న సాకెట్ పెట్టి, కేసులో సప్లైకి విడిగా ఒక అర కట్టాలి. మెయిన్స్ వైరింగ్ అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. టచ్ ప్యాడ్లు కాకుండా మామూలు నొక్కే బటన్లు వాడేవాళ్లకు రాస్‌బెర్రీ పై 4 కోసం అమ్మే 5.1 వోల్టుల 3 ఆంప్స్ అడాప్టర్ బాగా పనికొస్తుంది. పవర్ బ్యాంకుతో స్టేజీ ఎక్కొద్దు. లైట్లు ఆరి కరెంటు వాడకం తగ్గగానే చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి.