స్కూల్ ఫుట్‌బాల్‌లో రాష్ట్ర టైటిల్ గెలవడం అలెన్‌కి కుదిరింది, డాలస్‌కి ఏళ్ల తరబడి ఎందుకు కుదరలేదు?

టెక్సస్‌లో అలెన్ ఊరంతటికీ ఒకటే పెద్ద ప్రభుత్వ హైస్కూల్, పిల్లలు ఐదు వేలకు పైనే, కాబట్టి ఫుట్‌బాల్ (మనం అనుకునేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది) బాగా ఆడేవాళ్లంతా ఒకే జట్టులోకి వచ్చిపడతారు. 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లు పోసి 18,000 సీట్ల స్టేడియం కట్టారు. రెండేళ్లకే కాంక్రీటు పగుళ్లిచ్చి మూతపడింది, అయినా 2014 రాష్ట్ర టైటిల్ వాళ్లదే!

పక్కనే డాలస్‌లో కుర్రాళ్లకు కొదవేం లేదు, కానీ వాళ్లు ఇరవైకి పైగా స్కూళ్లకు చీలిపోతారు, స్టేడియాలూ పంచుకోవాల్సిందే. డబ్బు కంటే ఈ చీలికే పెద్ద దెబ్బ అంటాను. 1988లో డాలస్‌లోని కార్టర్ స్కూల్ గెలిచిన టైటిల్‌ని ఆటగాడి అర్హత గొడవలో లాగేసుకున్నారు. దాంతో 1958 తర్వాత చెల్లే టైటిల్ కోసం డాలస్ 2021లో తన సౌత్ ఓక్ క్లిఫ్ స్కూల్ గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది.