కంట్రోల్ ప్యాకేజీ కొంటున్నారా? డెమో చూసి డబ్బు కట్టకండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు రైస్ మిల్లులకు, ఎరువుల దుకాణాలకు, కమీషన్ ఏజెంట్లకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మిత్రులందరికీ ఒక హెచ్చరిక. విండోస్ ఫారమ్స్ (డాట్‌నెట్‌లో ప్రోగ్రాము తెరలు, అంటే ఫారాలు కట్టే పద్ధతి) కోసం తయారుచేసిన కంట్రోల్ (తెర మీది పెట్టెల వంటి భాగాలు) ప్యాకేజీ ఒకటి ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో జోరుగా తిరుగుతోంది. అంకెల పెట్టె, పేర్ల పెట్టె, లారీ నంబరు పెట్టె, వరుసల ప్యానెల్, అన్నీ ఒకే కోడ్ ఫైల్‌లో, అంటే డీఎల్‌ఎల్‌లో ఉంటాయి. అమ్మేవారి పేరు ఇక్కడ రాయను, వర్ణన చూస్తే మీకే తెలుస్తుంది. "మా కంట్రోల్స్ నుంచి మీ క్లాసులు ఇన్‌హెరిట్ చేసుకోవచ్చు, రన్‌టైమ్‌లో ఎన్నయినా ఫారంలోకి చేర్చుకోవచ్చు" అన్న హామీ మీద నేను కొన్నాను. ఇన్‌హెరిట్ అంటే వారి కోడ్ మీద మన మార్పులు కలిపి సొంత రకం (క్లాసు) కట్టుకోవడం, రన్‌టైమ్ అంటే ప్రోగ్రాము నడుస్తున్న సమయం. ఆ రెండూ విడివిడిగా బాగానే జరుగుతాయి. కలిపి చేసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

మిల్లు సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ కలిపి చేయక తప్పదు. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మొదలయ్యాక మిర్యాలగూడ మిల్లు గేటు ముందు ఏ రోజు ఎన్ని లారీలు నిలబడతాయో ఎవరూ చెప్పలేరు. అందుకే లారీ కాటా ఎక్కగానే తెర మీద కొత్త వరుస పుట్టాలి. లారీ నంబరు, రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ శాతం అందులో పడాలి. తేమ 17 శాతం దాటితే పెట్టె ఎర్రబడాలి. లారీ నంబర్ల సంగతి మనకు తెలిసిందే. పాత బండి ఏపీ 24, తరువాతది టీఎస్ 05, 2024 నుంచి వచ్చినది టీజీ 05. మూడూ రోడ్డు మీదే ఉన్నాయి. ప్యాకేజీలోని లారీ పెట్టెకు టీఎస్ తప్ప మరొకటి తెలియదు. కాబట్టి దాని నుంచి నా క్లాసు ఇన్‌హెరిట్ చేసి, మూడు రకాలనూ ఒప్పుకునేలా మార్చాను.

నా కంప్యూటర్‌లో అంతా సజావుగా నడిచింది. మిల్లు కంప్యూటర్‌లో పెట్టగానే మొదటి లారీకే "ఇది ట్రయల్ వెర్షన్" అంటూ ఒక డబ్బా లేచింది. రెండో లారీకి మళ్ళీ లేచింది. వరుసకొకటి. గుమాస్తా దాన్ని మూసేలోపు వెనక డ్రైవర్లు హారన్లు మోగిస్తున్నారు. నేను పూర్తి ధర కట్టి, బిల్లు తీసుకున్న సరుకు అది.

కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఈ ఒక్క ప్యాకేజీతో పోయేది కాదు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో లైసెన్సు ఉన్న కంట్రోల్‌ను డిజైనర్‌లో (మౌస్‌తో తెర కట్టే చోట) ఫారం మీద పెట్టినప్పుడు విజువల్ స్టూడియో (మనం కోడ్ రాసే సాధనం) దాని పేరును లైసెన్సెస్.లిక్స్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే) సమయంలో ఆ జాబితా చూసి లైసెన్సును మన ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌లో పొదుగుతుంది. కంట్రోల్‌ను కేవలం కోడ్‌తో సృష్టించి చేర్చితే ఆ ఫైల్‌లో పేరే పడదు. మన కంప్యూటర్‌లో డెవలపర్ లైసెన్సు ఉంటుంది కాబట్టి మనకు తేడా కనిపించదు, కొనుగోలుదారు దగ్గర కనిపిస్తుంది. మామూలుగా అయితే దీనికి మందు సులువే: డిజైనర్‌లో పెట్టకపోయినా అసలు కంట్రోల్ పూర్తి పేరును ఆ ఫైల్‌లో చేత్తో రాయాలి. అదీ మన లైబ్రరీ ప్రాజెక్టులో రాస్తే చాలదు, చివరికి నడిచే ప్రధాన ప్రాజెక్టులోనే ఉండాలి.

ఈ ప్యాకేజీలో ఆ మందు కూడా సగమే పనిచేసింది. వారి అసలు పెట్టెలకు డబ్బా ఆగింది, నేను ఇన్‌హెరిట్ చేసిన లారీ పెట్టెకు ఆగలేదు. పట్టుబట్టి అడిగితే వారి సాంకేతిక సిబ్బంది ఫోన్‌లో ఒప్పుకున్నారు: లైసెన్సు తనిఖీ "నీ క్లాసు పేరు ఏమిటి" అని ఆ వస్తువునే అడుగుతుందట, తమ పేరు కాకుండా మరో పేరు వస్తే ట్రయల్ కింద లెక్కగడుతుందట. అంటే ఇన్‌హెరిట్ చేసుకోమని అమ్మి, చేసుకున్నవారిని దొంగల్లా చూసే ఏర్పాటు. ఇన్‌హెరిట్ చేసిన ప్రతి క్లాసునూ తమ దగ్గర నమోదు చేయించుకోవాలని, దానికి రుసుము వేరే అని చెప్పారు. ఈ మాట ప్రకటనలో ఎక్కడా లేదు.

తరువాతిది పేర్ల పెట్టె. అక్షరాలు మాత్రమే తీసుకుంటుందని దాని గొప్ప. లోపల ప్రతి కీ నొక్కుకూ ఈజ్‌లెటర్ (అక్షరమా కాదా చెప్పే) ఫంక్షన్‌తో వడకడుతున్నారు. యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాల ప్రమాణం) లెక్కలో మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు, వాటిని గుర్తుల వర్గంలో ఉంచారు. ఫలితంగా గుమాస్తా మిర్యాలగూడ అని టైపు చేస్తే తెర మీద మరయలగడ, నల్లగొండకు నలలగడ, తిప్పర్తికి తపపరత పడ్డాయి. మొదటి రోజు అందరూ నవ్వారు. రైతు పేరు అలాగే రసీదు మీద అచ్చయ్యాక ఎవరూ నవ్వలేదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన జవాబు: "తెలుగుకు వేరే వెర్షన్ రాసిస్తాం, ధర మాట్లాడుకుందాం." తెలంగాణలో అమ్మే సరుకుకు తెలుగు అదనపు సౌకర్యం అన్నమాట!

వరుసల ప్యానెల్ మరీ ప్రమాదం, ఎందుకంటే వెంటనే బయటపడదు. రోజు మారినప్పుడు పాత వరుసలు తీసేయడానికి అందులో ఒక మెథడ్ ఉంది. అది లోపల కంట్రోల్స్.క్లియర్ మాత్రమే పిలుస్తుంది. క్లియర్ అంటే ఫారం నుంచి తీసేయడమే, కంట్రోల్ హ్యాండిల్ (విండోస్ దానికి ఇచ్చే గుర్తింపు) మెమరీలో అలాగే ఉంటుంది. ఒక్కొక్క దాన్నీ డిస్పోజ్ చేయాలని (పూర్తిగా విడుదల చేయాలని) మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు యూజర్ ఆబ్జెక్టుల (తెర మీది కిటికీలు, పెట్టెల వంటివాటి) పరిమితి మామూలుగా 10,000. వరుసకు ఐదు కంట్రోల్స్ చొప్పున వంద వరుసల తెరను ఇరవై సార్లు మార్చితే ఆ కోటా అయిపోతుంది. అప్పుడు విండో హ్యాండిల్ సృష్టించలేకపోయానంటూ ప్రోగ్రాము కూలుతుంది. సాధారణంగా సాయంత్రం, రద్దీ వేళే. పైగా వారి ప్రతి కంట్రోల్ రంగుల మార్పు గమనించడానికి విండోస్ ప్రాధాన్యాల స్టాటిక్ ఈవెంట్‌కు (ప్రోగ్రాము నడిచినంతసేపూ ఉండే సూచనకు) తగులుకుంటుంది, మళ్ళీ ఎన్నడూ విడిపోదు. అందువల్ల మనమే డిస్పోజ్ చేసినా హ్యాండిల్ పోతుంది కానీ మెమరీ తిరిగి రాదు.

కన్‌స్ట్రక్టర్ సంగతి చిన్నదే కానీ చెప్పాలి. వారి బేస్ (అసలు క్లాసు) కన్‌స్ట్రక్టర్ (వస్తువు పుట్టేటప్పుడు నడిచే కోడ్) ఒక వర్చువల్ మెథడ్‌ను (మనం మార్చుకోగల ఫంక్షన్‌ను) పిలుస్తుంది. దాన్ని మనం ఓవర్‌రైడ్ చేస్తే (దాని బదులు మన కోడ్ పెడితే), మన కన్‌స్ట్రక్టర్ ఇంకా మొదలుకాకముందే మన కోడ్ నడుస్తుంది, అక్కడ నింపాల్సిన జాబితా ఇంకా పుట్టనే లేక ప్రోగ్రాము ఆగిపోతుంది. సీ షార్ప్‌లో జాబితాను ఫీల్డ్ (క్లాసు తన విలువ దాచుకునే చోటు) దగ్గరే సృష్టిస్తే గట్టెక్కవచ్చు. విజువల్ బేసిక్‌లో ఆ వెసులుబాటు లేదు, అక్కడ ఫీల్డులు బేస్ కన్‌స్ట్రక్టర్ తరువాతే నిండుతాయి. మన జిల్లాల్లో విజువల్ బేసిక్ వాడేవారు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

డబ్బు తిరిగి ఇవ్వమంటే "కీ యాక్టివేట్ అయింది, ఇక కుదరదు" అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది. ఒంటరిగా పనిచేసే మనలో చాలామంది ఆ మినహాయింపు కిందికి వస్తామని వాదించవచ్చు. జాతీయ వినియోగదారుల 1915 సహాయవాణికి ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు, చాట్ సందేశాలు, డబ్బా లేచిన తెర ఫొటోలు దాచి ఉంచాను. మీరు కూడా ప్రకటన ఫొటో తీసి పెట్టుకోండి, నేను ఫిర్యాదు చేశాక దానిలోని మాటలు మారాయి.

ఇలాంటి ఏ ప్యాకేజీ అయినా కొనేముందు ట్రయల్ కాపీ అడగండి. ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. ఇస్తే దాని నుంచి ఒక ఖాళీ క్లాసు ఇన్‌హెరిట్ చేసి, డిజైనర్ జోలికి వెళ్ళకుండా కోడ్‌తోనే ఫారంలోకి చేర్చి, విజువల్ స్టూడియో లేని మరో కంప్యూటర్‌లో నడపండి. టాస్క్ మేనేజర్ వివరాల పట్టికలో యూజర్ ఆబ్జెక్టుల నిలువు వరుస తెరిచి, కంట్రోల్స్‌ను చేర్చుతూ తీసేస్తూ ఆ అంకె కిందికి దిగుతోందో లేదో చూడండి. మీ ఊరి పేరు తెలుగులో టైపు చేయండి. పూర్తి లైసెన్సులో ఇన్‌హెరిట్ చేసిన క్లాసులకు అదనపు రుసుము లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవారికి: పేర్ల పెట్టె వడపోత వారి కీప్రెస్ ఈవెంట్‌లోనే ఉంది. లైసెన్సు డబ్బాను భరించగలిగితే, మీ క్లాసులో ఆన్‌కీప్రెస్‌ను ఓవర్‌రైడ్ చేసి బేస్‌ను పిలవకుండా వదిలేయండి, గుణింతాలు నిలుస్తాయి. అయితే ఆ పెట్టె కీప్రెస్ ఈవెంట్‌ను మీ ఫారంలో మరెక్కడైనా వాడుతుంటే అదీ మూగబోతుంది, ఆ పనిని ఓవర్‌రైడ్ లోపలికి మార్చుకోవాలి. నేను మాత్రం ఆ డీఎల్‌ఎల్ పూర్తిగా తీసేసి, మామూలు టెక్స్ట్‌బాక్స్ నుంచే నా పెట్టెలు ఇన్‌హెరిట్ చేసుకున్నాను. మిల్లులో ఇప్పుడు అవే నడుస్తున్నాయి. లారీ నంబరు, తేమ పెట్టెల కోడ్ కావాలంటే అడగండి, ఉచితంగానే పంపుతాను.