నాణెం మోత విన్న తోడేలు: ఇసునా హసెకురా ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ సంపుటాల సమీక్ష

యెన్ ప్రెస్ సంస్థ ఇంగ్లీషులో ప్రచురించిన జపనీస్ నవలల సిరీస్ ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ మొదటి 17 సంపుటాలను నిరుడు వేసవిలో మొదలుపెట్టి ఈ మధ్యనే ముగించాను. రాక్షససంహారాలు, జోస్యాలు, లోకాన్ని ఉద్ధరించే వీరులు లేని కల్పిత మధ్యయుగ కథ ఇది. ఇందులో కథను నడిపేవి సరుకు ధర, నాణెంలోని వెండి పాలు, అప్పు తీర్చవలసిన గడువు. ఇన్ని లెక్కల మధ్య ఇద్దరి నడుమ నమ్మకం ఎలా పుట్టి, ఎలా సడలి, మళ్ళీ ఎలా కుదురుకుంటుందో చెప్పడమే ఈ రచయిత సాధించిన అసలు విజయమని నా అభిప్రాయం.

ఇసునా హసెకురా 1982 డిసెంబరు 27న జన్మించారు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్న రోజుల్లోనే ఈ నవల రాసి, 2005లో 12వ డెంగెకి నవలా పురస్కారపు పోటీలో రజత బహుమతి అందుకున్నారు. అదే నవల 2006 ఫిబ్రవరిలో మొదటి సంపుటిగా వెలువడింది. అప్పటికి ఆయనకు 23 ఏళ్ళు. ఫ్రెంచి చరిత్రకారుడు జాఁ ఫావియే మధ్యయుగపు వర్తకుల గురించి రాసిన ‘బంగారం, సుగంధద్రవ్యాలు’ అన్న గ్రంథానికి వచ్చిన జపనీస్ అనువాదం నుండి తన నవల పేరుకు ఆలోచన తట్టిందని ఆయన చెప్పారు. మన పడమటి తీరపు మిరియం వెనిస్ చేరేలోపు ఎన్ని చేతులు మారిందో, చేతికొక ధర ఎలా పెరిగిందో చరిత్ర పాఠాల్లో చదివిన వారికి ఆ పేరులోని సుగంధద్రవ్యం పరాయిదిగా తోచదు.

కథానాయకుడు లారెన్స్ 25 ఏళ్ళ సంచార వర్తకుడు. బండి, గుర్రం, ఏదో ఒక ఊళ్ళో సొంత దుకాణం పెట్టుకోవాలన్న కల తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. పాస్లో అనే పల్లెలో శతాబ్దాలుగా గోధుమ పంటను కాపాడుతూ వచ్చిన తోడేలు దేవత హోలో, ఆ ఊరివాళ్ళకు ఇక తన అవసరం లేదని గ్రహించి, పడుచు రూపంలో అతని బండి ఎక్కుతుంది. ఉత్తరాన ఉన్న తన జన్మస్థలం యోయిట్సుకు చేర్చమని అడుగుతుంది. సిరీస్ అంతా ఆ ప్రయాణమే.

మొదటి సంపుటిలోని నాణేల వ్యవహారం ఒక్కటి చాలు, ఈ రచయిత శక్తి ఏమిటో తెలుసుకోవడానికి. త్వరలో విడుదలయ్యే ఒక వెండి నాణెంలో వెండి పాలు పెరగబోతోందని ఒక కుర్ర వర్తకుడు లారెన్స్‌కు రహస్యం చెబుతాడు. నిజానికి జరుగుతున్నది దానికి విరుద్ధం. నాణేల మోతలోని తేడాను హోలో చెవి పసిగడుతుంది. వెండి పాలు తగ్గబోయే నాణేన్ని కొనమని ఒకడు ఎందుకు ప్రోత్సహిస్తాడన్న ప్రశ్న దగ్గర చాలామంది రచయితలు మోసగాడిని పట్టించి ఊరుకునేవారు. హసెకురా మాత్రం ఆ నాణేలను పోగుచేస్తున్న వర్తక సంస్థ వైపు నుండి, అక్కడి నుండి ఖజానాలో వెండి కరువైన రాజు వైపు నుండి ఆలోచింపజేస్తారు: పాత నాణేలన్నీ ఒకరి చేతిలో ఉంటే, వాటిని కరిగించి ఎక్కువ నాణేలు ముద్రించుకోవాలనుకునే రాజు వాటి కోసం పన్నుల మినహాయింపులు, ప్రత్యేక హక్కులు ఇవ్వక తప్పదు. ఈ సంగతి విప్పిన పుటలను నేను రెండుసార్లు చదివాను. అర్థం కాక కాదు, అంత చక్కగా పేర్చినందుకు.

రెండవ సంపుటి ఇంకా నచ్చింది. లారెన్స్ మిరియాలు అమ్మేటప్పుడు తక్కెడ పెట్టిన బల్లలోనే వాలు ఉందని హోలో బయటపెడుతుంది. ఆ మోసాన్ని అడ్డుపెట్టుకుని అతడు తన సొమ్ముకు మించిన విలువగల ఆయుధ సామగ్రిని అరువు మీద తీసుకుంటాడు. ఏటా ఉత్తరాదికి సాగే దండయాత్ర ఆ ఏడు ఆగిపోవడంతో ఆయుధాల ధర ఒక్కసారిగా కూలిపోతుంది. తరువాత అతడు తెలిసిన ప్రతి వర్తకుడి గుమ్మం ఎక్కి అప్పు కోసం ప్రాధేయపడే ఘట్టం ఈ సిరీస్ మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసింది. పక్కన హోలో ఉండడం చూసి, ఆడమనిషిని వెంటబెట్టుకుని అప్పు అడుగుతున్నాడని వారు తలుపు మూస్తుంటే, లారెన్స్ కసిరి ఆమె చేతిని విదిలించుకుంటాడు. దివాలా అంచున ఉన్న మనిషి మొదట పోగొట్టుకునేది డబ్బు కాదని ఆ ఒక్క కదలికతో రచయిత చూపించారు. గొర్రెల కాపరి పిల్ల నోరా సాయంతో బంగారాన్ని గొర్రెల కడుపులో దాచి నగరంలోకి దొంగతనంగా చేరవేసే మిగతా కథంతా ఆ గాయాన్ని మాన్పడానికే సాగినట్లు అనిపిస్తుంది.

అనువాదం గురించి వివరంగా చెప్పాలి. జపనీస్ మూలంలో హోలో ‘నేను’ అనడానికి ‘వట్చి’ అంటుంది, వాక్యాలను ‘అరిన్సు’ వంటి ముగింపులతో పలుకుతుంది. ఇది ఎడో కాలంలో (17–19 శతాబ్దాల జపాన్‌లో) యోషివారా వేశ్యావాటికలో వాడుకలో ఉన్న మాటతీరు. వినగానే ప్రాచీనత, వగలు, గడుసుదనం, కొంత దూరం అన్నీ కలిసి తోస్తాయి. అనువాదకుడు పాల్ స్టార్ ఇంగ్లీషులో దీనికి పాతకాలపు పలుకుబడిని వాడారు. ప్రాచీనత చేరింది, గాంభీర్యం చేరింది. వగలు మాత్రం సగమే మిగిలాయి. అయినా అది సరైన నిర్ణయమేనని నా నమ్మకం, ఎందుకంటే హోలోను మామూలు అమ్మాయిలా మాట్లాడించి ఉంటే పాత్రే చచ్చిపోయేది. దీన్ని తెలుగులోకి తేవాలంటే గ్రాంథికం పనికిరాదు. అది ఆమెను పురాణపాత్రను చేస్తుంది. పాత జమీందారీ ఇళ్ళలో పెద్దావిడలు వాడిన, నవ్వుతూనే ఎదుటివాడిని కూర్చోబెట్టే నుడికారమైతే కుదరవచ్చు.

మూడవ సంపుటిలో బంగారంలా మెరిసే పైరైటు రాయి చుట్టూ పుట్టిన ధరల వెర్రి, నాలుగవ సంపుటిలో విషపు రై ధాన్యం వల్ల చిక్కులో పడిన పల్లె, అయిదవదానిలో బొచ్చు తోళ్ళ బేరం, మూడూ బాగున్నాయి. 7, 11, 13 సంపుటాలు ఉపకథల సంకలనాలు. ప్రధాన కథ తొందరలో ఉన్నవారు వాటిని తరువాత చదువుకోవచ్చు. నాకు విసుగు కలిగించింది ఒకే లోపం: హోలో, లారెన్స్‌ల దెప్పిపొడుపు సంభాషణలు మధ్య సంపుటాల్లో ఒకే దారిలో తిరుగుతాయి, అలిగిన కారణం పాఠకుడికి పది పుటల ముందే తెలిసిపోతుంది. పదిహేను, పదహారు సంపుటాల్లో ఒక వర్తక సంస్థ స్వయంగా కొత్త నాణెం ముద్రించడానికి పూనుకున్నప్పుడు కథ మళ్ళీ నిలదొక్కుకుంటుంది. రాజు నాణెంతో మొదలైన కథ వర్తకుల నాణెం దగ్గరకు చేరడం యాదృచ్ఛికం కాదు.

17వ సంపుటి జపాన్‌లో 2011 జూలైలో వెలువడింది. అదే ఏడు హసెకురా ‘స్పైసీ టెయిల్స్’ అన్న సొంత బృందంతో, చంద్రుడి మీది నగరంలో షేర్ల వ్యాపారం చేసే కుర్రవాడి కథను ‘వరల్డ్ ఎండ్ ఎకనామికా’ పేరుతో విజువల్ నవలగా, అంటే కంప్యూటర్ తెర మీద బొమ్మలతో పాటు చదువుకునే కథగా, మొదలుపెట్టారు. ఒక పెద్ద సిరీస్ ముగించిన రచయిత, ప్రచురణసంస్థ నీడలో నిలవక స్వతంత్రంగా అంత పని తలకెత్తుకోవడం నాకు ఆయనపై గౌరవం పెంచింది. 2016లో ఆయన హోలో, లారెన్స్‌ల వివాహానంతర జీవితంతో 18వ సంపుటిని, వారి కూతురు మ్యూరి కథానాయికగా ‘వుల్ఫ్ అండ్ పార్చ్‌మెంట్’ అనే కొత్త సిరీస్‌ను తెచ్చారు. ఈ కొత్త సిరీస్‌లో ధర స్థానంలోకి మతగ్రంథపు అనువాదం వస్తుంది. సామాన్యుడి భాషలో గ్రంథం ఉంటే అధికారం ఎవరి చేతికి పోతుందన్నది అక్కడి ప్రశ్న. ‘స్పైస్ అండ్ వుల్ఫ్’కు 2024లో వచ్చిన కొత్త యానిమేషన్‌లో కూడా, 2008 నాటి మొదటి యానిమేషన్‌లో హోలో, లారెన్స్‌లకు గొంతు ఇచ్చిన అమి కోషిమిజు, జున్ ఫుకుయామాలే గొంతులు ఇచ్చారు.

పుస్తకాల తయారీ విషయం. జపాన్‌లో ఇవి జేబులో పట్టే బుంకో పరిమాణంలో, నిలువు వరుసల్లో, జూ అయకురా బొమ్మలతో వస్తాయి. ఇంగ్లీషు ప్రతులు కొంత పెద్దవి, ముందున్న రంగుల పుటలను నిలుపుకున్నాయి. 2009 డిసెంబరులో వచ్చిన మొదటి ఇంగ్లీషు సంపుటికి అయకురా చిత్రం బదులు ఫొటో తరహా ముఖచిత్రం వేయడం పొరపాటే, ఆ ముఖంలో హోలో కొంటెతనం కనబడదు. 17 సంపుటాలనూ ఒకే గట్టి అట్టలో కుట్టిన 2016 నాటి ప్రత్యేక ప్రతి వెయ్యికి పైగా పుటలున్నది. అలమారులో పెట్టుకోవడానికి అందంగా ఉంటుంది గాని పడుకుని చదవడానికి వీలు కాదు. విడి ప్రతులే కొనండి, మొదటి రెండూ కలిపి తెప్పించుకోండి. మొదటిదానితో ఆగిపోతే అప్పు కోసం తిరిగే ఆ రాత్రిని చదవకుండా పోతారు.