ఇరుకు బానెట్ కింద ఆయిల్ క్యాచ్ క్యాన్: ఫార్చ్యూనర్‌లో చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను, క్యాచ్ క్యాన్ (ఇంజిన్ లోపలి గ్యాస్‌తో పాటు వచ్చే ఆయిల్ తుంపరను పట్టి ఉంచే డబ్బా) పెట్టించుకుంటే మైలేజీ పెరగదు, పికప్ పెరగదు, బండి నడిపేటప్పుడు తేడా ఏమీ తెలియదు. ఆ ఆశతో కొనేవాళ్లు డబ్బులు దాచుకోవడం మంచిది. నాది 2.8 డీజిల్ ఫార్చ్యూనర్, బీఎస్6 కాలుష్య నిబంధనలు రాకముందు బండి, ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో వచ్చిన 2755 సీసీ ఇంజినే ఇందులోనూ ఉంది. వారంటీ అయిపోయాక పెట్టించాను, లోపలి ఫిల్టర్లు అరిగి మార్చుకునేంత కాలం నుంచి వాడుతున్నాను, తీసేద్దామని ఎప్పుడూ అనిపించలేదు. కానీ ఇన్నాళ్లు వాడాక నాకు తేలిందేమిటంటే, ఏ కంపెనీ క్యాన్ అన్నదానికన్నా దాన్ని ఎక్కడ బిగించారు, ఏ గొట్టం వేశారు, ఖాళీ చేయడానికి చెయ్యి పడుతుందా లేదా అన్నవే ముఖ్యం.

అసలు ఎందుకంటే, పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కింద ఆయిల్ ఉండే సంపులోకి దిగుతూనే ఉంటుంది, బ్లో-బై అంటారు దాన్ని. అది ఆయిల్ తుంపరను వెంటేసుకుని ఇంజిన్ పైనుండే వాల్వ్ కవర్ మీది బ్రీతర్ పైపులోంచి, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో ముందున్న గాలి పైపులోకి వెళ్తుంది. అక్కడి నుంచి టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దాన్ని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్. ఒట్టి ఆయిలే అయితే అంత గొడవ లేదు. ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి దాంతో కలిసిందంటే జిగట ముద్దగా మారి మానిఫోల్డ్ గోడలకు పట్టేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ గాలి వెళ్లే దారి సన్నబడుతుంది. క్యాచ్ క్యాన్ ఇందులో ఆయిల్ సంగతి మాత్రమే చూసుకుంటుంది. మసి సంగతి దాని పని కాదు, ఆ పని కూడా చేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

నేను వేయించింది మాన్ హ్యూమెల్ వాళ్ల ప్రోవెంట్ 200. ఒక స్టీలు మరచెంబు అంత ఉంటుంది, లోపల మార్చుకునే ఫిల్టర్ ఎలిమెంట్ ఉంటుంది, అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి బయటకు పోవడానికి వాల్వు కూడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే మెరిసే అల్యూమినియం డబ్బాలు కొన్ని చేతిలోకి తీసుకుని మూత విప్పి చూశాను, కొన్నింటి లోపల అడ్డుపలక లేదు, జాలీ లేదు, ఉత్త ఖాళీ డబ్బా. తుంపర ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి అలాగే పోతుంది. పైగా వాటి పైపు మూతులు పెట్రోల్ కార్లకు సరిపోయేంత సన్నగా ఉంటాయి. డీజిల్ టర్బో ఇంజిన్‌కి ఒరిజినల్ బ్రీతర్ పైపు లోపలి వ్యాసానికి తగ్గకుండా ఉండాలి, లేకపోతే మనమే చేతులారా ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టవుతుంది.

ఇక చోటు. బానెట్ ఎత్తి చూస్తే ఒక పక్క బ్యాటరీ, ఫ్యూజు డబ్బా, ఇంకో పక్క ఎయిర్ ఫిల్టర్ డబ్బా, డ్రైవర్ వైపు బ్రేకు మాస్టర్ సిలిండర్, వాటి మధ్య వైరింగు, ఏసీ పైపులు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ముసలాయన టార్చి వేసి చుట్టూ చూసి "బాబూ, ఇక్కడ వేలు దూరదు, చెంబెక్కడ పెడతావు? ఆ టర్బో పక్కన కాస్త జాగా ఉంది, అక్కడ బిగించేద్దాం" అన్నాడు. "వద్దు బాబాయ్, అది ప్లాస్టిక్ బాడీ, మే నెలలో ఆ వేడికి నిలబడదు" అన్నాను. చివరికి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర, బాడీకి కంపెనీ వాళ్లు వదిలిన ఖాళీ బోల్టు రంధ్రాలు దొరికాయి. కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయలేదు. ఆయన మూడు ఎంఎం ఇనుప పట్టీ వంచి, వంపు దగ్గర ముక్క వెల్డింగ్ పెట్టి క్లాంపు చేసిచ్చాడు. ఆ ముక్క లేకపోతే డీజిల్ అదురుకి పట్టీ సరిగ్గా వంపు దగ్గరే చిట్లుతుంది. క్యాన్‌ను బండి బాడీకే బిగించాలి, ఇంజిన్‌కి కాదు, అందుకే గొట్టాల్లో కాస్త వదులు ఉంచాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది.

బానెట్ తగులుతుందేమోనన్న టెన్షన్ మాకు ఉండింది. క్యాన్ మూత మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, పైన పాలిథిన్ కాగితం వేసి, బానెట్ నెమ్మదిగా మూసి మళ్లీ తెరిచాం. ముద్ద నొక్కుకుపోయి వేలు మందాన మిగిలింది, అంటే అంత సందు ఉందన్నమాట. స్కేలు పట్టుకుని కొలవలేని చోట ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. అయితే బానెట్ మూసుకుంటే సరిపోదు, మూత తిప్పి ఎలిమెంట్ నిలువుగా పైకి లాగడానికి చెయ్యి ఆడాలి, కింద డ్రెయిన్ పైపు వంగకుండా దిగడానికి జాగా ఉండాలి. ఈ మూడూ కుదిరే చోటు కోసం సగం పూట పోయినా నష్టం లేదు, బిగించే పని తర్వాత చిటికెలో అయిపోయింది.

గొట్టాల దగ్గర మాత్రం ఒక సంగతి గట్టిగా చెప్పాలి. షాపులో నాకు ఇచ్చినవి అందంగా కనిపించే నీలం సిలికాన్ గొట్టాలు. కొన్ని నెలలకు వాటి పైభాగం చెమట పట్టినట్టు తడిగా తయారైంది, గుడ్డతో తుడిస్తే మళ్లీ వచ్చేది, దానికి దుమ్ము పట్టి నల్లటి పొరలు కట్టాయి. క్లాంపులు బిగుతుగానే ఉన్నాయి, ఎక్కడా చిల్లు లేదు. మామూలు సిలికాన్ నీళ్లకి బాగుంటుంది గానీ ఆయిల్ ఆవిరిని ఆపలేదు, గోడలోంచే ఊరుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్నవి గానీ, ఆయిల్‌కి పనికొచ్చే నైట్రైల్ రబ్బరువి గానీ వేయాలి. నైట్రైల్ వేశాక ఆ చెమట మళ్లీ కనిపించలేదు. ఇంకొకటి, వాల్వ్ కవర్ నుంచి క్యాన్ దాకా గొట్టం మొత్తం కిందికే వాలి ఉండాలి, మధ్యలో ఎక్కడైనా జోలెలా వేలాడితే ఆయిల్ అక్కడే నిలుస్తుంది.

క్యాన్ నుంచి బయటికొచ్చే గాలిని మళ్లీ టర్బో ముందు పైపుకే కలపాలి. చిన్న ఫిల్టరు పెట్టి బయటికి వదిలేసే రకాలు ఉన్నాయి, రేసు బండ్లలో చూస్తాం. రోడ్డు మీద తిరిగే బండికి అది తప్పు, ఆ పొగ వాసన ఏసీలోంచి లోపలికి వస్తుంది, ఊరి గాలీ పాడవుతుంది.

వాడకం సంగతికొస్తే, మొదట్లో చాలారోజులు డ్రెయిన్ వాల్వు తిప్పినా ఏమీ రాదు, కంగారు పడకండి, ఎలిమెంట్ ముందు తను తడవాలి కదా. ఆ తర్వాత నుంచి ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య, అంటే 10,000 కిలోమీటర్లకు, నాకు ఒక టీ గ్లాసుకి కాస్త తక్కువగా నల్లటి పలచటి ఆయిల్ వస్తోంది. వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ నిండు లోడుతో ఎక్కి వచ్చాక ఎక్కువ పడుతుంది, ఊళ్లో తిరిగితే తక్కువ. చలికాలంలో లంబసింగి వెళ్లొచ్చాక లేత గోధుమ రంగు నురగ వచ్చింది, అది చలికి నీటి చుక్కలైన తేమ ఆయిల్‌తో కలిసినది. కూలెంట్ మట్టం తగ్గకపోతే దాన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని భయపడక్కర్లేదు. వచ్చినదాన్ని తిరిగి ఇంజిన్‌లో పోయకండి, వాడేసిన ఆయిల్ డబ్బాలో పోసి మెకానిక్‌కి ఇచ్చేయండి.

ఫలితం చూశానా అంటే చూశాను. బిగించేముందు ఇంటర్‌కూలర్‌కి వెళ్లే వంపు రబ్బరు పైపు (ఎల్బో) విప్పితే వేలికి ఆయిల్ జారుతూ అంటింది, అంతా తుడిచి శుభ్రం చేసి పెట్టాం. ఇప్పుడు అదే ఎల్బో విప్పితే సన్నటి మరక తప్ప తడి లేదు. టర్బో సీలు నుంచి వచ్చే కాస్త ఆయిల్ ఎలాగూ ఉంటుంది, కాబట్టి పూర్తిగా పొడిగా ఉంటుందని అనుకోవద్దు. మానిఫోల్డ్ మూతి దగ్గర మసి ఉంది, కానీ పొడి మసి, గుడ్డతో తుడిస్తే పోయింది.

క్యాన్ పెట్టించి మర్చిపోయేవాళ్లు మాత్రం అసలు పెట్టించవద్దు. డబ్బా నిండిపోతే ఆ ఆయిల్ నేరుగా టర్బోలోకి పోతుంది, డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుని తాళం తీసేసినా ఆగకుండా తిరిగే ప్రమాదం ఉంది. ఎలిమెంట్ మూసుకుపోయి, ఆ ఒత్తిడి వాల్వు కూడా సరిగ్గా పనిచేయకపోతే సంపులో ఒత్తిడి పెరిగి వెనక క్రాంక్ ఆయిల్ సీలు మీద పడుతుంది, అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. నేను 30,000 కిలోమీటర్లకు ఎలిమెంట్ మారుస్తాను, బాగానే కనిపించినా సరే. నెలకోసారి డ్రెయిన్ తిప్పుతాను. డ్రెయిన్ పైపు చివర బాల్ వాల్వు పెట్టించి ముందు చక్రం పక్కకు తెచ్చాను కాబట్టి బండి కిందికి దూరక్కర్లేదు, కూర్చుని ఒక సీసా పట్టుకుంటే చాలు.

వారంటీలో ఉన్న బండికి నేనైతే పెట్టించను. రేపు టర్బో పోయినా, ఆయిల్ సీలు లీకైనా ముందు ఈ డబ్బా మీదే వేలు పెడతారు. వారంటీ దాటి, బండిని ఇంకా చాలా ఏళ్లు ఉంచుకోవాలనుకునే డీజిల్ వాళ్లకైతే కచ్చితంగా పెట్టించుకోమనే చెబుతాను, గొట్టాలు మాత్రం ముందే అడిగి నైట్రైల్‌వే తీసుకోండి.