సిలికోన్ కరిగించే డైజెస్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఎలక్ట్రిక్ స్కూటర్ కంట్రోలర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు రిపేరు చేస్తుంటాను. నీళ్లు దిగకుండా చాలా బోర్డుల్లో సిలికోన్ నింపేసి ఉంటుంది. ఒక్క మాస్‌ఫెట్ (కరెంటును ఆన్-ఆఫ్ చేసే చిన్న భాగం) మార్చాలన్నా ముందు ఆ రబ్బరు ముద్ద తీయాలి.

మొదట్లో పెట్రోలు, థిన్నర్ పోసి చూశాను. సిలికోన్ ఉబ్బుతుంది, ఆరగానే మళ్లీ మామూలే. ఒకసారి గట్టిపడ్డాక అదంతా ముడులు పడిన ఒకే వల. పెట్రోలు ఆ సందుల్లోకి దూరుతుంది గానీ ముడి తెంపలేదు. హీట్ గన్ కూడా దండగే. సిలికోన్ 200 డిగ్రీలు తట్టుకుంటుంది, బోర్డు మీద భాగాలను అతికించే 63/37 (తగరం-సీసం) సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది.

అందుకే డైజెస్టర్‌కి, అంటే గట్టిపడ్డ సిలికోన్‌ను కరిగించే మందుకి, మారాను. నేను వాడేది యాసిడ్ రకం. అందులో ఉండేది డోడిసైల్ బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్. డిటర్జెంట్ తయారుచేసేవాళ్లు యాసిడ్ స్లర్రీ అని కొనే సరుకు కూడా ఈ జాతిదే. ఇది సిలికోన్‌కు వెన్నెముకలాంటి సిలికాన్-ఆక్సిజన్ గొలుసునే తెంపుతుంది.

పైముద్దంతా వెదురు పుల్లతో తీసేసి, ఐసీ (చిప్) కాళ్ల మధ్య ఇరుక్కున్నదాన్ని మాత్రమే దీనికి వదులుతాను. రెండు గంటలకు అంచులు నానిన సగ్గుబియ్యంలా మెత్తబడతాయి. టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే జిగురు ఊడివచ్చి, కింద ఐసీ కాళ్లు ఒక్కొక్కటిగా మెరుస్తూ బయటపడతాయి. ఇన్నేళ్లయినా అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడగాలి. సిలికోన్ జిడ్డు ఏమాత్రం మిగిలినా పైన వేసే కోటింగ్ పట్టదు. డబ్బాలోకి తడి చేరనివ్వకండి, మందు బలం తగ్గుతుంది.

రెండో ఏడాది ఒక బోర్డును రాత్రంతా నానబెట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దునకి అల్యూమినియం హీట్ సింక్ మీద మచ్చలు, రాగి ట్రాకులు నల్లగా. కస్టమర్‌కి నా డబ్బుతో కొత్త కంట్రోలర్ కొనిచ్చాను. ఇప్పుడు టైమర్ పెట్టకుండా బోర్డు ముంచను, గ్లౌజులు లేకుండా మూత తీయను.

ఇంకో మాట. మెత్తగా కనిపించేదల్లా సిలికోన్ కాదు. చిన్న ముక్క తీసి, బయటికి తీసుకెళ్లి అగ్గిపుల్లతో వెలిగించండి. తెల్లటి బూడిద మిగిలితే సిలికోన్. నల్లటి మసి వస్తే అది పాలీయురెథేన్ కావచ్చు, దాని మీద ఈ డైజెస్టర్ పనిచేయదు. ఎపాక్సీ మీద కూడా అంతే.

మందు ఖరీదైనదే. అందుకే చవక ఎల్‌ఈడీ డ్రైవర్లకు దీన్ని వాడను. స్కూటర్ కంట్రోలర్ వస్తే మాత్రం ముందు ఈ డబ్బానే తీస్తాను.