గూడ్స్ రైలులో ఇంటి సామాను: కంటైనర్ రవాణా సేవ

ఇల్లు మారవలసి వచ్చినప్పుడు ఈసారి సామానును లారీలో కాక, 20 అడుగుల కంటైనర్‌లో సర్ది రైలు మీద పంపించాను. పాత ఇంటి ముందు తలుపు మూసి సీలు వేసినప్పటి నుంచి కొత్త ఇంటి ముందు దానిని తెంచే వరకు లోపలి సామాను మీద ఎవరి చెయ్యీ పడకపోవడమే ఈ సేవలోని అసలు సుఖం. స్టేషనులో క్రేన్ కంటైనర్‌ను లారీ మీది నుంచి ఎత్తి వ్యాగన్ మీదికి దించుతుంది. సామాను ఉన్నచోటే ఉంటుంది. 1956లో అమెరికా లారీ వ్యాపారి మాల్కం మెక్లీన్ ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 కంటైనర్లను పంపినది కూడా రేవులో మూటలు దించి ఎక్కించే ఈ బెడదను తప్పించుకోవడానికే.

ఎక్కించడం మాత్రం తేలిక కాదు. లారీ మీద ఉన్న కంటైనర్ అడుగు భాగం నేల నుంచి దాదాపు ఛాతీ ఎత్తున ఉంటుంది కాబట్టి బీరువాకు నలుగురు మనుషులు కావలసి వచ్చారు. లోపల సుమారు 33 ఘన మీటర్ల చోటు ఉండగా, మా సామాను సర్దిన తరువాత మూడో వంతు ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీయే కొంప ముంచింది.

గతుకుల రోడ్డును తలచుకొని గాజు సామాను కింద దుప్పట్లు మెత్తగా పరిచాను గాని, రైలు కుదుపు కింది నుంచి కాక ముందు వెనుకల నుంచి వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. వ్యాగన్లను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగులలో కొంత వదులు ఉంటుంది గనుక, ఇంజను లాగినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ ఆ అదురు ఒక వ్యాగన్ నుంచి మరొకదానికి పాకుతుంది. యార్డులో షంటింగ్, అంటే వ్యాగన్లను విడదీసి కలపడం, జరిగేటప్పుడు అది మరింత గట్టిగా తగులుతుంది. గాజు గ్లాసులన్నీ క్షేమంగా చేరాయి, ఆసరా లేకుండా నిలబెట్టిన పుస్తకాల అల్మరా విరిగింది. పగటి వేడికీ రాత్రి చలికీ కంటైనర్ పైకప్పుకు లోపల చెమ్మ పట్టి, పైన ఉన్న బట్టల మూట తడిసింది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి రబ్బరు టైరుకు కావలసినంత బలం అక్కరలేదు. దూరం పెరిగేకొద్దీ రైలు చవక కావడానికి ముఖ్య కారణం అదే. దగ్గరి ఊళ్లకైతే రెండు చివర్లలోని లారీ బాడుగలే ఆ ఆదాను మింగేస్తాయి. దారిలో గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, మారుతుందేమో కూడా అడిగి తెలుసుకోవాలి. 1435 మిల్లీమీటర్ల గేజి పట్టాల మీద వచ్చిన వ్యాగన్ 1520 మిల్లీమీటర్ల గేజి పట్టాల మీదికి నేరుగా పోలేదు కాబట్టి, అక్కడ కంటైనర్‌ను మళ్లీ ఎత్తి వేరే వ్యాగన్ మీద పెడతారు, ఆ మేరకు రోజులు పెరుగుతాయి.

సంస్థ నాలుగు రోజులన్నది, తొమ్మిది పట్టింది. నడిచినంతసేపు రైలు బాగానే నడిచింది. మిగిలిన రోజులు కంటైనర్ ఒకే యార్డులో పడి ఉంది, ఆ సంగతి నేను ఫోను చేస్తే గాని చెప్పలేదు. అల్మరా నష్టం గురించి అడిగితే, సర్దింది మీరే కదా అన్నారు, అది న్యాయమే. ఆలస్యం గురించి రాసిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.