అమలాపురంలో మూడు రోజుల సంగీతం, లాడ్జి మింగేసిన ఒక గంట

అమలాపురంలో గది తీసుకునేవాళ్లు చెకౌట్ ఎన్నింటికో రసీదు మీద రాయించుకోండి. మాకు ఫోన్లో "ఇరవైనాలుగ్గంటలండీ, రోజుకి 1,400" అన్నారు. మూడు రోజుల సంగీతోత్సవం కోసం నేనూ మా బాబాయీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి దిగాం. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి తాళం ఇవ్వబోతే, మా దగ్గర చెకౌట్ తొమ్మిదింటికే, మూడో రోజు కూడా కట్టాల్సిందే అన్నాడు కౌంటర్లో మనిషి. అడ్వాన్సు 3,000 వాళ్ల చేతిలో ఉంది. ఫోన్లో మాట్లాడింది ఎవరో తెలీదట. బాబాయి సంచి భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పదకొండింటిదాకా వాదించి, చివరికి సగం రోజుకి 700 కట్టి బయటపడ్డాం.

డబ్బు పోతే పోయింది. నలభై ఏళ్లుగా మృదంగం నేర్పుతున్న మా బాబాయి కాకినాడ నుంచి బయల్దేరిందే ఆ రోజు పొద్దున్న పదింటికి జరిగే ప్రసంగం కోసం. మేం వెళ్లేసరికి హాల్లో కుర్చీలు సర్దుతున్నారు.

తూర్పుదేశాల సంగీతం పాశ్చాత్యుల మీద ఎలా పనిచేసిందన్నది ఆ మూడు రోజుల విషయం. శనివారం హాయిగా గడిచింది. 1889 పారిస్ ప్రదర్శనలో జావా గామెలాన్ (కంచు వాయిద్యాల మేళం) విని ముగ్ధుడైన ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ, 1903లో రాసిన 'పగోడ్స్'ని పియానో మీద వినిపించారు. మొదటి వరసకే బాబాయి నా మోచెయ్యి నొక్కి "మోహనంరా!" అన్నాడు. నిజంగానే మోహన రాగంలోని ఆ ఐదు స్వరాలే.

ఆదివారం మాత్రం బాబాయి భోజనాల దగ్గర కూడా నోరు విప్పలేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అద్భుతంగా ఉంది, అదీ ముట్టలేదు. సంగతి తెలిసి, ప్రసంగించినావిడ తన ఆకు తీసుకుని మా పక్కకే వచ్చి కూర్చుని, పొద్దున్న చెప్పింది మళ్లీ చెప్పారు. మెస్సియాన్ అనే ఫ్రెంచి స్వరకర్త, 13వ శతాబ్దపు సంగీతశాస్త్రకారుడు శార్ఙ్గదేవుడి 120 దేశీతాళాల పట్టికని ఒక ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో చూశాడట. 1941 జనవరిలో యుద్ధఖైదీల శిబిరంలో మొదటిసారి వాయించిన తన క్వార్టెట్‌లో (నలుగురు వాయించే రచనలో) రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలు కలిపి పియానోకి 17 కాలప్రమాణాల (ఒక్కో స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పే కొలతల) వరస కట్టాడు. దాని మీద 29 స్వరగుచ్ఛాలు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) తిరుగుతాయి.

"పదిహేడుకీ ఇరవైతొమ్మిదికీ పొత్తెక్కడమ్మా?" అన్నాడు బాబాయి.

"కుదరదండీ. పదిహేడు ఇరవైతొమ్మిదులు, 493 అయితేగాని రెండూ కలిసి మళ్లీ మొదటికి రావు. ఈలోపే ఆ భాగం అయిపోతుంది."

ఆవిడ ఫోన్లో పెట్టి వినిపించారు. బాబాయి కుడిచేతికి పెరుగన్నం ఎండిపోతోంది, ఎడమచేత్తో బల్ల మీద లెక్క వేస్తున్నాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి పదిహేడూ సరిగ్గా పడ్డాయి. "మళ్లీ పెట్టమ్మా" అన్నాడు.

ఆవిడ రుణం తీర్చుకోలేం. కానీ హాల్లో ఒక్కో తాళాన్నీ విడదీసి, పియానో మీద వాయించి మరీ చూపించారట. మేం ఫోన్లో విన్నాం. ఉత్సవం మళ్లీ పెడితే తప్పకుండా వెళ్తాం. ఆ లాడ్జి మెట్లు మాత్రం ఎక్కం.